డోర్ప్‌ఫెల్డ్ ష్లీమన్‌కు అసిస్టెంటేనా? ఆర్కిటెక్చర్ చదివి ఆర్కియాలజీలోకి ఎలా వచ్చాడు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు బీ.ఆర్క్ చదువుతున్నారు. గ్రీకు కవి హోమర్ చెప్పిన యుద్ధ కథలోని నగరం ట్రాయ్ మీద ఒక వీడియో చూశారు. అందులో, దాన్ని తవ్వించిన హైన్రిష్ ష్లీమన్ గురించి గంటసేపు చెప్పి, విల్హెల్మ్ డోర్ప్‌ఫెల్డ్ గురించి మాత్రం "అతని అసిస్టెంట్, ఒక ఆర్కిటెక్ట్" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆయన అసలు చేసిందేమిటి, ఆర్కిటెక్ట్ అయ్యుండి ఆర్కియాలజిస్ట్ ఎలా అయ్యాడు, ఆ దారి ఇప్పుడు మనకూ ఉందా అని అడిగారు.

అసిస్టెంట్ అనడం అన్యాయం. 1882లో ఆయన ష్లీమన్ దగ్గర జీతానికి చేరిన మాట నిజమే. కానీ ట్రాయ్ గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా వాడే, ఒకదాని మీద ఒకటి వెలిసిన తొమ్మిది నగరాల పొరల వరుసను కుదిర్చింది ఆయనే. కథలోని ట్రాయ్ రాజు ప్రయామ్ నగరమని ష్లీమన్ నమ్మిన పొర, హోమర్ కథకు తగిన కాలం కంటే వెయ్యేళ్ళు ముందుదని ఆయన తవ్వకాలతోనే తేలింది. గ్రీసులో తవ్వకం అంటే విగ్రహాల కోసం, బంగారం కోసం వెతకడం అనుకునే రోజుల్లో, విరిగిపోయిన గోడ కూడా సాక్ష్యం చెబుతుందని పని చేసి చూపించాడు. ఆ చూపు ఆయనకు వచ్చింది ఆర్కిటెక్చర్ చదువు నుంచే. ఇక ఆ దారి మనకూ ఉంది. కాకపోతే మన దేశంలో అది ఎక్కువగా కన్సర్వేషన్ వైపు నుంచి తెరుచుకుంటుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేనూ ఆర్కిటెక్చర్ చదివి, తవ్వకాల దగ్గర ప్లాన్లు, సెక్షన్లు గీసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి. అందుకని ఆయన జీవితంలో పెళ్ళిళ్ళు, పదవుల కంటే పని గురించే ఎక్కువ చెబుతాను.

డోర్ప్‌ఫెల్డ్ 1853 డిసెంబర్ 26న జర్మనీలోని బార్మెన్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు వుప్పర్‌టాల్ నగరంలో కలిసిపోయింది. తండ్రి పేరున్న ఉపాధ్యాయుడు, విద్యా విషయాల మీద పుస్తకాలు రాసినవాడు. కొడుకు బెర్లిన్‌లోని బావ్అకడమీలో ఆర్కిటెక్చర్ చదివాడు. అక్కడి గురువు ఫ్రీడ్రిష్ ఆడ్లర్. తర్వాత 1883లో ఆడ్లర్ కూతురినే పెళ్ళి చేసుకున్నాడు. గురువు ద్వారానే 1877లో, 23 ఏళ్ళ వయసులో, గ్రీసులోని ఒలింపియా తవ్వకాలకు వెళ్ళాడు. కొద్దికాలంలోనే అక్కడి సాంకేతిక పనులన్నీ ఆయన చేతికి వచ్చాయి.

ఒలింపియా గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన తయారైంది అక్కడే. 1874లో జర్మనీ, గ్రీసు ఒప్పందం చేసుకున్నాయి. ఖర్చు జర్మనీది, దొరికినవి మాత్రం గ్రీసువే. 1875లో ఎర్న్‌స్ట్ కుర్టియుస్ నాయకత్వంలో మొదలైన తవ్వకాలు 1881 దాకా నడిచాయి. దొరికింది మూటగట్టుకుని తమ దేశానికి పట్టుకుపోయే ఆ కాలంలో ఇది పెద్ద మార్పు. వస్తువు ఎలాగూ ఇంటికి రాదు కాబట్టి, తీసుకెళ్ళగలిగింది సమాచారం ఒక్కటే. అంటే కొలతలు, ప్లాన్లు, ఏ రాయి ఏ రాయి పక్కన పడి ఉందన్న రికార్డు. ఒక యువ ఆర్కిటెక్ట్‌కు ఇంతకన్నా మంచి బడి దొరకదు.

మన దగ్గర అదే సమయంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. 1880లో మద్రాసు గవర్నరు, బకింగ్‌హాం డ్యూక్, ఆజ్ఞ మీద అమరావతి స్తూపం ఉన్న చోటంతా తవ్వి ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఆర్కియాలజిస్ట్ జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ మిగిలింది పెద్ద గుంట. ఫలకాలు మ్యూజియాలకు చేరాయి, కానీ ఏది ఎక్కడ నిలబడి ఉండేదన్నది చాలావరకు పోయింది. పరిశోధకులు ఇప్పటికీ ఆ స్తూపాన్ని కాగితం మీద తిరిగి నిలబెట్టడానికి కష్టపడుతున్నారు. అమరావతి ఫలకాలను చూసినప్పుడల్లా నాకు ఆ బాధ కలుగుతూనే ఉంటుంది.

ఒలింపియాలో హెరా దేవత ఆలయం ఉంది. చుట్టూ 40 స్తంభాలు. విచిత్రం ఏమిటంటే స్తంభాల పైభాగాలు ఒకదానితో ఒకటి కలవవు. మందంలో తేడా, చెక్కిన తీరులో తేడా. డోర్ప్‌ఫెల్డ్ దీనికి చెప్పిన కారణం: మొదట అవన్నీ చెక్క స్తంభాలు. ఒక్కొక్కటీ పుచ్చిపోయినప్పుడల్లా, ఆ కాలం పద్ధతిలో రాతి స్తంభం చెక్కి ఆ చోట నిలబెడుతూ వచ్చారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన పౌసానియస్ అనే యాత్రికుడు, వెనక గదిలో ఓక్ చెక్క స్తంభం ఒకటి ఇంకా ఉందని రాశాడు. రెండూ సరిపోయాయి. గోడల్లో కింది భాగం మాత్రమే రాయి, పైనంతా పచ్చి ఇటుక. ఆలయం కూలినప్పుడు ఆ ఇటుకలు వానకు కరిగి మట్టిగా పరుచుకున్నాయి. 1877లో అక్కడ దొరికిన హెర్మీస్ పాలరాతి విగ్రహం అంత బాగా మిగిలిందంటే ఆ మట్టే కారణం. మట్టిగోడల ఇల్లు రెండు వానాకాలాలు పైకప్పు లేకుండా ఉంటే ఏమవుతుందో మన పల్లెల్లో చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇక ట్రాయ్. ప్రస్తుత టర్కీలోని హిసార్లిక్ దిబ్బ అది. అక్కడ తన సొంత భూమిలో ముందు తవ్వినవాడు ఫ్రాంక్ కాల్వర్ట్. ష్లీమన్ 1870లో మొదలుపెట్టి, దిబ్బ మధ్యలోంచి ఉత్తరం నుంచి దక్షిణానికి పెద్ద కందకం కొట్టించాడు. లోతు సుమారు 17 మీటర్లు. హోమర్ ట్రాయ్ అట్టడుగున ఉంటుందన్న నమ్మకంతో, మధ్యలో అడ్డొచ్చిన గోడలను పీకించేశాడు. వస్తువులను పైనుంచి ఎంత లోతులో దొరికాయన్న లెక్కతో రాసుకున్నాడు.

లోతు కాలాన్ని చెప్పదు. ఇది కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట. దిబ్బ అంటే సమంగా పేర్చిన పొరలు కావు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. ఒక తరం వాళ్ళు చెత్త గొయ్యి తవ్వితే, కొత్త పెంకులు పాత పొర కన్నా కిందికి దిగుతాయి. పునాది కోసం తవ్విన మన్ను పైకి వస్తే, పాత పెంకులు కొత్త నేల మీద పడతాయి. గోడ కాలం తెలియాలంటే ఆ గోడ ఏ నేలతో కలుస్తోందో చూడాలి. పునాది పక్కన దొరికిన పెంకులు సాధారణంగా గోడ కన్నా పాతవి, ఎందుకంటే పునాది పాత పొరను కోసుకుంటూ దిగింది.

1882లో డోర్ప్‌ఫెల్డ్ హిసార్లిక్ చేరేసరికి అక్కడి అయోమయం సరిగ్గా ఇదే. ష్లీమన్ అప్పటికి, కాలిపోయిన నగరం కింది నుంచి మూడోది అంటున్నాడు. కానీ ఆ పొరలో ఉన్నవి చిన్న చిన్న కొంపలు. ఒక రాజు నగరం ఇంత చిన్నదా అన్న అనుమానం ఆయననే పీడించింది. డోర్ప్‌ఫెల్డ్ గోడలను ఒక్కొక్కటిగా చూసి విడదీశాడు. ఆ కాలిన శిథిలాలు రెండో నగరానివి. కింద కనిపిస్తున్న పెద్ద పెద్ద పునాదులు కూడా దానివే. మూడో నగరం వాళ్ళు ఆ కాలిన దిబ్బ మీదే తమ చిన్న ఇళ్ళు కట్టుకోవడంతో రెండూ కలిసిపోయినట్టు కనిపించాయి. ష్లీమన్ దీన్ని ఒప్పుకుని తన పుస్తకంలో అచ్చు వేశాడు. అది ఆయన గొప్పతనం, చెప్పి తీరాలి. ఆ ఏడాది ఒట్టోమన్ అధికారులు, సైనిక మ్యాపులు గీస్తున్నారేమో అన్న అనుమానంతో నెలల తరబడి కొలతలే తీసుకోనివ్వలేదు. ప్లాన్ గీయడానికి వెళ్ళినవాడికి అంతకన్నా టెన్షన్ ఇంకేముంటుంది!

తర్వాత 1884-85లో గ్రీసులోని టిరిన్స్. అక్కడ కోటగోడల లోపల మైసీనియన్ కాలపు (అంటే గ్రీసులో కంచు యుగం చివరి భాగపు) రాజభవనం ప్లాన్ మొత్తం బయటపడింది. ప్రాంగణం, స్తంభాల వసారా, మధ్యలో గుండ్రని పొయ్యి ఉన్న పెద్ద హాలు. ఇది ఆ కాలపు మిగతా భవనాలను అర్థం చేసుకోవడానికి నమూనా అయింది.

ట్రాయ్‌లో అసలు మలుపు 1890లో వచ్చింది. రెండో నగరపు కోటగోడకు బయట, చాలా పై పొరలో ఒక పెద్ద భవనం దొరికింది. అందులో మైసీనియన్ కుండపెంకులు ఉన్నాయి. టిరిన్స్‌లో, మైసీనీలో దొరికిన రకమే. ఆ రకం పెంకులకు ఈజిప్టు ఫారోల కాలంతో లంకె అదే రోజుల్లో కుదురుతోంది. అంటే హోమర్ వీరుల కాలానికి సరిపోయే ట్రాయ్ ఏదైనా ఉంటే అది రెండోది కాదు, ఆరోది. ప్రయామ్ నిధి అని ష్లీమన్ ప్రపంచానికి చూపించిన బంగారం ప్రయామ్‌ది కానే కాదు. ఆ ఏడాది డిసెంబర్ 26న ష్లీమన్ నేపుల్స్‌లో చనిపోయాడు. ఆ రోజు డోర్ప్‌ఫెల్డ్ పుట్టినరోజు. శవాన్ని ఏథెన్స్‌కు తీసుకొచ్చినవాళ్ళలో ఆయనా ఒకడు.

1893లో ష్లీమన్ భార్య సోఫియా డబ్బుతో, 1894లో జర్మన్ చక్రవర్తి ఇచ్చిన డబ్బుతో డోర్ప్‌ఫెల్డ్ ఆరో నగరాన్ని బయటకు తీశాడు. చక్కగా చెక్కిన సున్నపురాయి, నాలుగైదు మీటర్ల మందం, లోపలికి వాలుగా లేచే గోడ, బురుజులు. మరి ఇంత పెద్ద గోడ ష్లీమన్‌కు ఇన్నేళ్ళూ కనిపించలేదేం? దీనికి డోర్ప్‌ఫెల్డ్ ఇచ్చిన వివరణ నాకు ఆయన పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆరో నగరం ఇళ్ళు మెట్లు మెట్లుగా మధ్యకు ఎక్కుతూ ఉండేవి. గ్రీకు, రోమన్ కాలాల్లో ఎథీనా ఆలయం కోసం దిబ్బ నడినెత్తిని చదును చేశారు. అప్పుడే ఆరో నగరపు మధ్యభాగం పూర్తిగా పోయింది. మిగిలింది అంచుల్లో మాత్రమే. ష్లీమన్ తవ్వింది మధ్యలో. అక్కడ ఆరో నగరం లేదు కాబట్టి దొరకలేదు. ఒకచోట ఏదో లేకపోవడానికి కూడా కట్టడాల చరిత్రలోనే కారణం వెతికి పట్టుకోవడం, అదీ ఈ మనిషి పనితనం.

నా అనుభవంలోంచి ఒకటి చెబుతాను. కృష్ణా లోయలో ఒక బౌద్ధ విహారం ప్లాన్ గీస్తున్నప్పుడు, వరుసగా ఉన్న గదుల్లో ఒకదాని అడ్డగోడ మిగతావాటిలాగే ఉంది. అదే రకం ఇటుక, అదే ఎత్తు. కానీ మూల దగ్గర చూస్తే ఇటుకలు ఒకదానిలో ఒకటి కలవలేదు, ఆనించి కట్టారు. పైగా పాత గోడకు పూసిన సున్నపు పూత ఆ అడ్డగోడ వెనక్కి కూడా వెళ్ళింది. పూత పూసిన తర్వాతే కదా గోడ వచ్చింది! పెద్ద గదిని తర్వాతెప్పుడో రెండు చేశారన్నమాట. ఈ ఒక్క సంగతితో అక్కడ ఉండేవాళ్ళ సంఖ్య, అవసరాలు మారాయన్న ఆలోచన మొదలైంది. ఇటుకలు కలిశాయా ఆనాయా అన్నది మంచి తాపీమేస్త్రి కూడా చూడగానే చెప్పేస్తాడు. డోర్ప్‌ఫెల్డ్ గొప్పతనం, ఆ చూపును చరిత్ర రాయడానికి వాడటం.

అయితే ఒక జాగ్రత్త. మన దేశపు తవ్వకం పద్ధతి నేరుగా డోర్ప్‌ఫెల్డ్ నుంచి రాలేదు. అది ఇంగ్లండులో పిట్-రివర్స్ నుంచి మోర్టిమర్ వీలర్‌కు, వీలర్ ద్వారా 1944 తర్వాత మనకు వచ్చింది. అరికమేడు, బ్రహ్మగిరి తవ్వకాలతో మనవాళ్ళు ట్రెంచ్ గోడల్లో మట్టి పొరలు చదవడం నేర్చుకున్నారు. డోర్ప్‌ఫెల్డ్ ప్రధానంగా చదివింది కట్టడాల దశలను. మట్టిలో ప్రతి చిన్న మార్పునూ ఇప్పటిలా గీసి రాసినవాడు కాదు. ఇవాళ్టి లెక్కలో ఆయన తవ్వకాలు కూడా వేగంగా, ఎక్కువమంది కూలీలతో జరిగినవే.

1887 నుంచి 1912 దాకా ఏథెన్స్‌లోని జర్మన్ ఆర్కియాలజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయనే అధిపతి. ఏథెన్స్ కొండకోట అక్రోపోలిస్ మీద పార్థెనాన్ ఆలయం పక్కన పాత ఎథీనా ఆలయం పునాదులను గుర్తించింది ఆయన. ఇప్పటికీ వాటిని డోర్ప్‌ఫెల్డ్ పునాది అనే అంటారు. 1896లో ఎమిల్ రైష్‌తో కలిసి గ్రీకు నాటకశాలల మీద పుస్తకం తెచ్చాడు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో నటులు ఎత్తైన వేదిక మీద కాక, కోరస్ (పాటలు పాడే బృందం) ఉన్న నేల మీదే ఆడారని రాళ్ళను చూపించి వాదించాడు. అప్పటిదాకా పండితులు రోమన్ రచయిత విట్రూవియస్ మాటనే పట్టుకుని ఉన్నారు. తక్కువ ఎత్తు వేదిక ఉండేదా అన్న చర్చ సాగుతూనే ఉంది గానీ, ఎత్తైన రాతి వేదిక తర్వాతి కాలానిదన్నది నిలబడింది. ఏటా విద్యార్థులను వెంటబెట్టుకుని గ్రీసు అంతా తిప్పి, శిథిలాల మధ్య నిలబడి పాఠం చెప్పేవాడు. ఇతర దేశాల వాళ్ళూ వచ్చేవారు. 1900 నుంచి ప్రస్తుత టర్కీలోని పెర్గమాన్ తవ్వకాలు కూడా ఆయన చేతి మీదుగా నడిచాయి.

ఇక ఆయన తప్పుల గురించి. ఇవి చెప్పకపోతే మీకు సగం మనిషే తెలుస్తాడు.

ఆయన బలం కట్టడం, బలహీనత కుండపెంకులు. ఒలింపియాలో ఆయనతో పాటు పనిచేసిన అడోల్ఫ్ ఫుర్ట్‌వెంగ్లర్ దీనికి సరిగ్గా రెండో వైపు. చిన్న కంచు బొమ్మలు, పెంకులు పోల్చి కాలం కట్టడంలో దిట్ట. హెరా ఆలయం క్రీ.పూ. రెండో సహస్రాబ్ది చివరి నాటిదన్న సంప్రదాయ కథను డోర్ప్‌ఫెల్డ్ నమ్మాడు. ముసలితనంలో కూడా దానికోసం మళ్ళీ తవ్వాడు. ఇవాళ ఆ ఆలయానికి ఒప్పుకుంటున్న కాలం సుమారు క్రీ.పూ. 600. గోడలు ఏది ముందు, ఏది తర్వాత అని చెబుతాయి. ఎన్నో శతాబ్దం అని చెప్పడానికి పెంకులు కావాలి.

ఇంతకన్నా పెద్దది లెఫ్కాస్ వ్యవహారం. ఒడిస్సీలో ఒడిస్సియస్ తన ఇథాకా ద్వీపం మిగతావాటికన్నా పడమటి చీకటి వైపున ఉందంటాడు. నేటి ఇథాకాకు ఆ వర్ణన సరిపోదు. కాబట్టి అసలు ఇథాకా లెఫ్కాస్ ద్వీపమేనని, అక్కడి జనం తర్వాత వలస వెళ్ళి పేరును కూడా వెంట తీసుకెళ్ళారని డోర్ప్‌ఫెల్డ్ తేల్చాడు. నిద్రి ఊరి దగ్గర ఏళ్ళ తరబడి తవ్వాడు. దొరికినవి నిజంగా విలువైనవే, ముఖ్యంగా గుండ్రని సమాధులు. కానీ అవి క్రీ.పూ. మూడో సహస్రాబ్దికి చెందినవి. ఆయన మాత్రం తన తవ్వకాలను హోమర్ చెప్పిన అకేయన్లతో (ట్రాయ్ మీద దండెత్తిన గ్రీకులతో) ముడిపెట్టి 1927లో పుస్తకం వేశాడు. ష్లీమన్ రెండో నగరం విషయంలో చేసిన తప్పు ఏమిటో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. అదే తప్పు లెఫ్కాస్‌లో ఆయనే చేశాడు. ఒలింపియాలో పౌసానియస్ మాట రాయితో సరిపోయింది కాబట్టి, కవి చెప్పిన ప్రతి పాదమూ సర్వేయర్ నోట్‌లా సరిపోవాలని అనుకున్నట్టున్నాడు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో నేను ఆయన వైపు లేను.

ట్రాయ్‌లోనూ చివరి మాట ఆయనది కాలేదు. 1932 నుంచి 1938 దాకా అమెరికన్ కార్ల్ బ్లేగన్ మళ్ళీ తవ్వి, ఆరో నగరం చివరి దశ భూకంపంతో కూలిందని, యుద్ధం ఆనవాళ్ళు ఏడో నగరపు తొలి దశలో ఉన్నాయని అన్నాడు. 1988లో మాన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మన్ మొదలుపెట్టిన తవ్వకాలు కోట కింద ఊరి మీదికి దృష్టి మళ్ళించాయి. వాళ్ళందరూ పొరలను ఇంకా చిన్న చిన్న దశలుగా విడదీశారు గానీ, ఒకటి నుంచి తొమ్మిది అన్న వరుసను మార్చలేదు.

1914లో జర్మన్ సైన్యాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు ఇచ్చిన ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. చక్రవర్తి రెండో విల్హెల్మ్‌కు ఆయన దగ్గరి మనిషి, కోర్ఫు ద్వీపంలో ఆర్టెమిస్ ఆలయం తవ్వకాల్లో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆ సంతకాన్ని నేను సమర్థించలేను, దాచి చెప్పడమూ సరికాదు. 1940 ఏప్రిల్ 25న లెఫ్కాస్‌లోనే చనిపోయాడు, సమాధీ అక్కడే.

ఇప్పుడు మీ సంగతి. జర్మనీలో ఆర్కిటెక్టులు తవ్వకాలు నడపడం ఒక సంప్రదాయమే. బాబిలోన్ తవ్విన రాబర్ట్ కోల్డెవే కూడా ఆర్కిటెక్టే. అక్కడ పురాతన కట్టడాల పరిశోధనను బావ్‌ఫోర్షుంగ్ పేరుతో ఇప్పటికీ ఆర్కిటెక్చర్ విభాగాల్లో చెబుతారు. మన దేశంలో బీ.ఆర్క్ తర్వాత ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కన్సర్వేషన్ ఎం.ఆర్క్ చేసి ఈ వైపు రావడం సులువైన దారి. తవ్వకాలే చేయాలనుకుంటే ఆర్కియాలజీలో గానీ ప్రాచీన చరిత్రలో గానీ ఎం.ఏ. కూడా చేయడం మంచిది. ఎందుకంటే మన దగ్గర తవ్వకాల ఉద్యోగాలు, కోర్సులు చాలావరకు ఆ డిగ్రీనే అడుగుతాయి. ఏ దారిలో వెళ్ళినా కుండపెంకులు గుర్తుపట్టడం నేర్చుకోండి. ఆర్కిటెక్టులు సాధారణంగా దాన్ని వదిలేస్తారు, డోర్ప్‌ఫెల్డ్ దెబ్బతిన్నదీ అక్కడే.

ఈలోగా ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గర్లో పాటిదిబ్బ (పాత ఊరు ఉన్న దిబ్బ) ఉంటే వెళ్ళి చూడండి. పాటిమన్ను పొలాలకు తోలుకుపోవడంతో చాలా దిబ్బలు ఒక పక్క నిలువుగా కోసినట్టు ఉంటాయి. ఏమీ తవ్వొద్దు, ఒక్క పెంకు కూడా ఇంటికి తెచ్చుకోవద్దు. ఆ కోత ముందు కూర్చుని బూడిద పొర, గచ్చు నేల, గొయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో స్కేలుకు గీయండి. తర్వాత డోర్ప్‌ఫెల్డ్ 1902లో వేసిన ట్రాయ్ పుస్తకం ప్లాన్లు తెరవండి. పాత పుస్తకం కాబట్టి స్కాన్ ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతుంది, ప్లాన్ చదవడానికి జర్మన్ రావాల్సిన పని లేదు. ఆరో నగరం గోడ దగ్గర మొదలుపెట్టి, మధ్యలోకి వచ్చేసరికి అది ఎక్కడ ఆగిపోతోందో చూడండి. గీసిన బొమ్మ ఇక్కడ పెడితే నాకు తోచింది చెబుతాను.